రెండు సున్నాలు

శ్రోతలందరికీ నమస్కారం.

1977 మార్చి 20, ఆదివారం. నేను అప్పుడు గుంటూరులో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మా ఇల్లు బ్రాడీపేటలో. లోక్‌సభ ఎన్నికల ఓట్ల లెక్కింపు మొదలైందని తెలిసి ఆ రోజు వీధిలో సగం మంది మా ఇంటి రేడియో దగ్గరే ఉన్నారు. కాగితపు బ్యాలెట్లు, చేతి లెక్కింపు. ఒక్కో ఫలితం బయటికి రావడానికి గంటలు పట్టేది. మన వైపు ఫలితాలలో ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు. గుంటూరులో కొత్త రఘురామయ్య గారు, విజయవాడలో గోడే మురహరి గారు, నరసరావుపేటలో అప్పటి కేంద్ర హోంమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి గారు గెలిచారు. ముగ్గురూ కాంగ్రెస్ వారే. మర్నాడు తెల్లవారాక రాయ్‌బరేలీ కబురు తెలిసింది. ప్రధానమంత్రి ఇందిరా గాంధీ రాజ్‌నారాయణ్ చేతిలో 55 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. మా నాన్నగారు రేడియో గొంతు పెంచి, వార్త పూర్తయ్యాక తగ్గించి, "మన దగ్గర అన్నీ గెలుస్తున్నారు కదా, మరి ఆమె ఎలా ఓడిపోయింది?" అని అడిగారు. ఎవరిని అడిగారో నాకు తెలియదు. అక్కడున్న వారిలో ఎవరూ జవాబు చెప్పలేదు.

ఆ ప్రశ్న నన్ను ఇన్నేళ్ళుగా వదల్లేదు. ఒక పార్టీ దేశమంతటా ఒకే పేరుతో, ఒకే గుర్తుతో, ఒకే నాయకత్వంతో పోటీ చేస్తుంది. అయినా ఒక చోట తుడిచిపెట్టుకుపోతుంది, మరో చోట ఊడ్చేస్తుంది. ఎందుకు? ఈ విషయం గురించే ఈ రోజు మాట్లాడతాను. ఉదాహరణగా కాంగ్రెస్ పార్టీని తీసుకుంటున్నాను. 1952 నుంచి ప్రతి లోక్‌సభ ఎన్నికలోనూ ఉన్న పార్టీ అది. పైగా మన ఆంధ్ర దేశం దానికి ఇచ్చినంత బలం, పెట్టినంత పరీక్ష బహుశా మరే ప్రాంతమూ పెట్టలేదు.

ఫలితాలన్నీ వచ్చాక మా సాంఘిక శాస్త్రం మాస్టారు క్లాసులో అందరికీ భారతదేశపు అవుట్‌లైన్ మ్యాపులు పంచారు. ఏ రాష్ట్రంలో కాంగ్రెస్‌కు ఎన్ని సీట్లు వచ్చాయో పేపరు చూసి రంగు వేయమన్నారు. ఎక్కువ వస్తే ముదురు రంగు, తక్కువ వస్తే లేత రంగు, అసలు రాకపోతే తెలుపు. ఉత్తరప్రదేశ్‌లో 85 స్థానాలకు ఒక్కటీ రాలేదు. బీహార్‌లో 54కు ఒక్కటీ రాలేదు. పంజాబ్, హర్యానా, ఢిల్లీలలోనూ అంతే. ఈ ఐదు చోట్ల కలిపి 169 స్థానాలు, కాంగ్రెస్‌కు సున్నా. మధ్యప్రదేశ్‌లో 40కి ఒకటి, రాజస్థాన్‌లో 25కు ఒకటి. ఇక మన ఆంధ్రప్రదేశ్‌లో 42కు 41, కర్ణాటకలో 28కి 26. తమిళనాడు, కేరళలలో మిత్రపక్షాలకు వదిలినవి పోగా 14, 11. దేశం మొత్తం మీద కాంగ్రెస్ గెలిచింది 154. అందులో 92 ఈ నాలుగు దక్షిణాది రాష్ట్రాలవే. మన రాష్ట్రం ఒక్కటే నాలుగో వంతుకు పైగా ఇచ్చింది. నా మ్యాపు పై భాగమంతా తెల్లగా మిగిలిపోయింది, కింది భాగంలో పెన్సిలు ముక్క అరిగిపోయింది.

మాస్టారు నా మ్యాపు చూసి, ఉత్తరప్రదేశ్ మీద వేలు పెట్టి, "దీన్ని ఎందుకు తెల్లగా వదిలావు?" అని అడిగారు. "సీట్లు రాలేదు కదండీ" అన్నాను. "సీట్లు రాలేదు. ఓట్లు కూడా రాలేదా?" అన్నారు.

అప్పుడు నాకు అర్థం కాలేదు. తరవాత లెక్కలు చూస్తే, ఆ ఎన్నికలో ఉత్తరప్రదేశ్‌లో కాంగ్రెస్‌కు దాదాపు 25 శాతం ఓట్లు వచ్చాయి. బీహార్‌లో దాదాపు 23 శాతం. అంటే నేను తెల్లగా వదిలేసిన చోట ప్రతి నలుగురిలో ఒకరు కాంగ్రెస్‌కే ఓటు వేశారు. మన వైపు చూస్తే ఇదే లెక్క తలకిందులుగా కనిపిస్తుంది. ప్రతిపక్షాలు కలిసి ఏర్పరచిన జనతా పార్టీకి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 32 శాతం ఓట్లు వచ్చాయి. దక్కిన స్థానం ఒక్క నంద్యాల. అక్కడ గెలిచిన నీలం సంజీవరెడ్డి గారు కొద్ది నెలలకే రాష్ట్రపతి అయ్యారు. కానీ మిగతా 41 నియోజకవర్గాలలో జనతాకు ఓటు వేసిన లక్షల మంది తెలుగువారు నా మ్యాపులో ఎక్కడా లేరు. నేను ముదురు రంగు వేసిన చోట ముగ్గురిలో ఒకరు ఆ రంగు వారు కారు.

1975లో ఇందిర ప్రభుత్వం పౌర హక్కులు నిలిపివేసి విధించిన అత్యవసర పరిస్థితి దక్షిణాది వారికి సమ్మతమేనని, అందుకే ఇందిరను గెలిపించారని అప్పట్లో ఒక మాట వినిపించేది. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. అది నిజం కాదు. అత్యవసర పరిస్థితి ఏ ఊరిని ఎలా తాకిందో చూడకుండా అన్న మాట అది. ఉత్తరాదిలో బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు పల్లె పల్లెకూ వెళ్ళాయి. టీచర్లకు, పట్వారీలకు కోటాలు పెట్టారు. భయపడి మగవాళ్ళు రాత్రిళ్ళు పొలాలలో పడుకున్న ఊళ్ళు ఉన్నాయి. ఢిల్లీలో తుర్క్‌మన్ గేట్ దగ్గర ఇళ్ళు కూల్చారు, ఎదిరించిన వారి మీద కాల్పులు జరిపారు. అంతకు ముందే ప్రభుత్వానికి ఎదురు నిలిచిన జయప్రకాశ్ నారాయణ్ ఉద్యమం బీహార్‌ను కదిపి ఉంది. ఎన్నికలకు నెలన్నర ముందు కేంద్ర మంత్రి జగ్జీవన్ రామ్ కాంగ్రెస్‌ను వదిలి వెళ్ళారు. కోపం ఉంది, ఆ కోపాన్ని ఓటుగా మార్చే పార్టీ ఉంది, నాయకులు ఉన్నారు.

మన దగ్గర అత్యవసర పరిస్థితి మెత్తగా ఏమీ నడవలేదు. మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులను ఎన్‌కౌంటర్ పేరుతో కాల్చి చంపారు. తరవాత జస్టిస్ తార్కుండే నాయకత్వంలోని పౌరహక్కుల కమిటీ దాని మీద విచారణ జరిపింది. అయితే ఇక్కడ ఆ బాధ కొన్ని ఇళ్ళ మీద పిడుగులా పడింది, ఉత్తరాదిలో లాగా ప్రతి గడపా తొక్కలేదు. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరిన జై ఆంధ్ర ఉద్యమం చల్లారి, రాజీగా ఆరు సూత్రాల పథకం వచ్చి అప్పటికి మూడేళ్ళే. ముఖ్యమంత్రి జలగం వెంగళరావు గారి ప్రభుత్వం మీద జనానికి పెద్ద కసి లేదు. అన్నిటికన్నా ముఖ్యం, ఇక్కడ జనతా పార్టీకి ఊళ్ళలో మనుషులు లేరు. ఓటరు కోపగించుకోవాలన్నా ఎదురుగా చేయి అందించేవారు ఉండాలి.

ఏడాది తిరగకముందే ఈ మాటకు రుజువు దొరికింది. 1978 జనవరిలో కాంగ్రెస్ చీలింది. అధికారిక కాంగ్రెస్‌కు మన బ్రహ్మానందరెడ్డి గారే అధ్యక్షుడు. ఇందిరా గాంధీ వేరే పార్టీ పెట్టుకున్నారు. పాత ఆవు దూడ గుర్తు పోయి హస్తం గుర్తు వచ్చింది. ఆ గుర్తు ఖరారైన రోజు ఆమె విజయవాడలో ఉన్నారని, ఢిల్లీ నుంచి ఫోనులో అడిగి ఒప్పుకున్నారని ఒక కథనం ఉంది. ఫిబ్రవరిలో శాసనసభ ఎన్నికలు జరిగాయి. పుట్టి రెండు నెలలు నిండని పార్టీకి, ఎవరూ ఎరగని గుర్తుకు మన వాళ్ళు 294లో 175 స్థానాలు ఇచ్చారు. రెడ్డి కాంగ్రెస్‌కు 30. ఢిల్లీలో అధికారం పోయిన మనిషి మళ్ళీ లేచి నిలబడింది కర్ణాటకలో, మన దగ్గర. 1980లో ఆమె రాయ్‌బరేలీతో పాటు మెదక్ నుంచి కూడా పోటీ చేశారు. రెండూ గెలిచి, మెదక్‌ను ఉంచుకున్నారు. ఆ ఎన్నికలో మళ్ళీ 42లో 41 ఆమె పార్టీవే. విజయవాడలో నాస్తికోద్యమ నాయకుడు గోరా గారి కుమార్తె చెన్నుపాటి విద్య గారు, గుంటూరులో ఆచార్య ఎన్.జి. రంగా గారు గెలిచారు.

నిజానికి 1980లో ఉత్తరప్రదేశ్ కూడా తిరిగి వచ్చింది. మూడేళ్ళ కింద సున్నా వచ్చిన చోట 51 స్థానాలు! బీహార్‌లో 30. ఇది అద్భుతం ఏమీ కాదు. ఆ 25 శాతం మనుషులు అక్కడే ఉన్నారు. ఊరూరా జెండా పట్టేవాడు, బూత్ దగ్గర కూర్చునేవాడు ఉన్నారు. ఎదుటి పక్షం చీలిపోగానే ఆ పాతిక శాతానికి ఇంకొంచెం చేరి సీట్లు వచ్చిపడ్డాయి. ఉత్తరప్రదేశ్ సున్నా విత్తనం ఉన్న నేల లాంటిది. ఈ మాట గుర్తుంచుకోమని శ్రోతలను కోరుతున్నాను. చివర్లో దీనికే వస్తాను.

1984 సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇందిరా గాంధీ హత్య తరవాత వచ్చిన సానుభూతి ప్రభంజనంలో కాంగ్రెస్ 404 స్థానాలు గెలిచింది. దేశమంతా అటు కొట్టుకుపోతుంటే మన రాష్ట్రం ఎదురు నిలిచింది. తెలుగుదేశానికి 30, కాంగ్రెస్‌కు 6. రెండేళ్ళ కిందట పుట్టిన ఒక ప్రాంతీయ పార్టీ లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షమైంది. ఇక్కడా కారణం మన ఊళ్ళలోనే ఉంది. ఆ ఏడాది ఆగస్టు 16న ఎన్.టి. రామారావు గారిని గద్దె దింపి నాదెండ్ల భాస్కరరావు గారిని కూర్చోబెట్టారు. నెల రోజులు రాష్ట్రం ఉడికిపోయింది. సెప్టెంబరు 16న రామారావు గారు తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ నెల రోజుల జ్ఞాపకం డిసెంబరు నాటికి ఆరలేదు. విజయవాడలో వడ్డే శోభనాద్రీశ్వరరావు గారు తెలుగుదేశం తరఫున గెలిచారు. హనుమకొండలో పి.వి. నరసింహారావు గారు భాజపా అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి గారి చేతిలో ఓడిపోయారు. గుంటూరు మాత్రం రంగా గారిని వదలలేదు. నిడుబ్రోలు రైతుబిడ్డ, అప్పటికే ఎనభై దాటిన ఆ పెద్దాయన ఆ ఎదురుగాలిలోనూ కాంగ్రెస్ టికెట్ మీద గెలిచారు. కృష్ణకు అటు ఇటు ఉన్న రెండు నగరాలు, ప్రకాశం బ్యారేజీ దాటితే మారిపోయిన తీర్పు.

1989లో మళ్ళీ తిరగబడింది. బోఫోర్స్ ఫిరంగుల కొనుగోలులో ముడుపుల వివాదంతో ఉత్తరాది కాంగ్రెస్‌ను వదిలేసింది. ఉత్తరప్రదేశ్‌లో 15, బీహార్‌లో 4, రాజస్థాన్‌లో సున్నా. మనం 42లో 39 ఇచ్చాం. కర్ణాటక 28లో 27 ఇచ్చింది. కాంగ్రెస్ గెలిచిన 197లో 107 నాలుగు దక్షిణాది రాష్ట్రాలవి. ఢిల్లీలో కాంగ్రెస్‌ను దించిన ప్రతిపక్షాల కూటమి నేషనల్ ఫ్రంట్‌కు అధ్యక్షుడు రామారావు గారే. ఆయన సొంత పార్టీకి మాత్రం సొంత రాష్ట్రంలో రెండే స్థానాలు. దేశంలో బోఫోర్స్ ఫిరంగుల గురించి ఓటు వేస్తుంటే, ఇక్కడ ఏడేళ్ళ తెలుగుదేశం పాలన గురించి ఓటు వేశారు. బ్యాలెట్ కాగితం లోక్‌సభదే, లోపల ఓటరు రాసిన జవాబు వేరే ప్రశ్నకు. దేశవ్యాప్తంగా గాలి వీచిందని మనం అలవాటుగా అంటాం. నా పరిశీలనలో అలాంటి గాలి చాలా అరుదు. ఒక్కో రాష్ట్రంలో ఒక్కో గాలి వీస్తుంది. అవి ఒకే దిక్కుకు తిరిగిన ఏడాది దాన్ని ప్రభంజనం అంటాం.

ఇప్పుడు అంకెల దగ్గర కొంచెం సేపు ఆగుతాను. వీలైతే కాగితం, కలం తీసుకోండి. 1984లో మన రాష్ట్రంలో కాంగ్రెస్‌కు ఆరు స్థానాలే అని చెప్పాను. ఓట్లు మాత్రం దాదాపు 42 శాతం. 1999లో ఓట్లు దాదాపు 43 శాతం, స్థానాలు ఐదు. 2009లో ఓట్లు 39 శాతం, స్థానాలు ముప్పై మూడు. మళ్ళీ చెబుతున్నాను. నాలుగు శాతం ఓట్లు తగ్గాయి, స్థానాలు ఐదు నుంచి ముప్పై మూడుకు పెరిగాయి. తప్పు వినలేదు మీరు.

1999లో తెలుగుదేశం, భాజపా కలిసి పోటీ చేశాయి. కాంగ్రెస్‌కు ఎదురుగా ఒక్కటే గోడ. ఎక్కడ చూసినా కాంగ్రెస్ రెండో స్థానం, కొద్ది శాతం తేడాతో ఓటమి. విజయవాడలో గద్దె రామ్మోహన్ గారు, గుంటూరులో యెంపరాల వెంకటేశ్వరరావు గారు అప్పుడే తెలుగుదేశం తరఫున గెలిచారు. 2009 నాటికి చిరంజీవి గారి ప్రజారాజ్యం వచ్చింది. ముక్కోణపు పోటీ. తెలుగుదేశానికి దాదాపు 25 శాతం, ప్రజారాజ్యానికి దాదాపు 16 శాతం. ఆ పదహారు శాతం రాష్ట్రమంతా పలచగా పరుచుకుంది. ఒక్క లోక్‌సభ స్థానం కూడా దక్కలేదు. ఎదుటి గోడ రెండుగా చీలిన చోటల్లా కాంగ్రెస్ నడిచి వెళ్ళిపోయింది. విజయవాడలో లగడపాటి రాజగోపాల్ గారు, గుంటూరులో రాయపాటి సాంబశివరావు గారు మళ్ళీ గెలిచారు.

దేశం లెక్క కూడా సరిగ్గా ఇలాగే ఉంది. 1999లో కాంగ్రెస్‌కు దేశమంతటా 28 శాతం పైచిలుకు ఓట్లు, 114 స్థానాలు. 2009లోనూ 28 శాతం పైచిలుకు ఓట్లే, స్థానాలు 206. ఆ 206లో అన్ని రాష్ట్రాలకన్నా ఎక్కువ ఇచ్చింది మనమే, 33. ఉత్తరప్రదేశ్ 21 ఇచ్చింది. మన్మోహన్ సింగ్ గారి రెండో ప్రభుత్వం నిలబడింది మన గోదావరి, కృష్ణ, పెన్నా జిల్లాల ముక్కోణపు పోటీల మీద అంటే అతిశయోక్తి కాదు.

అలాంటి చోట ఐదేళ్ళలో ఏం జరిగిందో మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారు హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. 2011లో ఆయన కుమారుడు జగన్మోహన్ రెడ్డి గారు వైఎస్సార్ కాంగ్రెస్ అని వేరే పార్టీ పెట్టుకున్నారు. 2014లో రాష్ట్రం విడిపోయింది. ఆ ఎన్నికలో కొత్త ఆంధ్రప్రదేశ్ 25 స్థానాలలో కాంగ్రెస్‌కు సున్నా, ఓట్లు మూడు శాతం లోపు. దేశంలో ఆ పార్టీకి వచ్చినవి 44. విభజన కోపం ఒక్కటే దీనికి కారణమని కొందరంటారు. నేను ఒప్పుకోను. కోపం ఒక ఎన్నికను ఓడిస్తుంది. అది 1977లో ఉత్తరాదిలోనూ ఉంది, అయినా పాతిక శాతం మిగిలారు. ఇక్కడ జరిగింది వేరు. గ్రామంలో జెండా కట్టేవాడు, పోలింగ్ ఏజెంటు, మాజీ సర్పంచి, ఎస్సీ కాలనీలో మూడు తరాలుగా కాంగ్రెస్‌కే వేసిన ఇంటి ముసలమ్మ, వీళ్ళంతా మూకుమ్మడిగా ఇంకో గుర్తు కిందకు వెళ్ళిపోయారు. ఆ పార్టీ జెండా మీద ఉన్నది కూడా వాళ్ళకు పరిచయమైన రాజశేఖరరెడ్డి గారి బొమ్మే. వాళ్ళ దృష్టిలో వాళ్ళు పార్టీ మారలేదు. పార్టీ పేరే మారింది.

అందుకే 2019లో కాంగ్రెస్‌కు ఇక్కడ నోటా కన్నా తక్కువ ఓట్లు వచ్చాయి. నోటాకు ఒకటిన్నర శాతం, కాంగ్రెస్‌కు 1.3 శాతం. 2024లో దేశంలో ఆ పార్టీ 99కి ఎదిగినా ఇక్కడ మళ్ళీ సున్నా. వరుసగా మూడోసారి. గుంటూరు స్థానాన్ని పొత్తులో సీపీఐకి వదిలేసింది. రఘురామయ్య గారు, రంగా గారు పోటీ చేసిన చోట హస్తం గుర్తే లేదు. విజయవాడలో పోటీ అంతా కేశినేని సోదరుల మధ్యే జరిగింది.

నా దగ్గర 1977 నాటి మ్యాపు ఇంకా ఉంది. మడతల దగ్గర చిరిగితే వెనక కాగితం అంటించాను. 2024 ఫలితాలు వచ్చాక మనవరాలి రంగు పెన్సిళ్ళు తీసుకుని ఇంకో మ్యాపుకు రంగులు వేశాను. ఆంధ్రప్రదేశ్‌ను తెల్లగా వదిలాను. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండు తెలుపులు ఒకేలా కనిపిస్తాయి. నాటి ఉత్తరప్రదేశ్ ఎంత తెల్లగా ఉందో నేటి ఆంధ్రప్రదేశ్ అంత తెల్లగా ఉంది. మాస్టారు లేరు. ఉంటే వేలు పెట్టి అదే ప్రశ్న అడిగేవారు. మొదటి తెలుపు వెనక పాతిక శాతం మంది ఉన్నారు. రెండో తెలుపు వెనక ముగ్గురికి తక్కువ, అదీ నూటికి. మొదటిది మూడేళ్ళలో నిండింది. రెండోది పదేళ్ళయినా అలాగే ఉంది.

అయితే ఒక్కసారి విజయవాడ బస్ స్టేషన్‌లో హైదరాబాద్ బస్సు ఎక్కి చూడండి. నందిగామ, జగ్గయ్యపేట దాటాక తెలంగాణ సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు వస్తుంది. దాని తరవాత కొద్ది దూరంలోనే కోదాడ. మొత్తం రెండు గంటల ప్రయాణం. అవే మిరప చేలు, అదే సాగర్ కాలువ నీళ్ళు, అటూ ఇటూ ఇచ్చిపుచ్చుకున్న సంబంధాలు. కోదాడ నల్గొండ లోక్‌సభ నియోజకవర్గంలో ఉంది. 2024లో అక్కడ కాంగ్రెస్ అభ్యర్థి ఐదున్నర లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. తెలంగాణలోనే, దాని పక్కనున్న ఖమ్మంలో నాలుగు లక్షల అరవై వేలకు పైగా. చెక్‌పోస్టుకు ఇవతల జగ్గయ్యపేటలో ఎవరి ఇంటి గోడ మీదా హస్తం గుర్తు కనిపించదు, అవతల మొదటి ఊళ్ళో ప్రతి రెండో గోడ మీదా ఉంటుంది.

నమస్కారం.